ఎండలో పరుగు, ఊళ్లు తిరుగుతూ సాధన: పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఎండ గురించే ఉన్నాయి. పతకాల కోసం కాకుండా ఇష్టంకొద్దీ, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారు రాసినవి కనుక సమాధానాలను కూడా వారి అవసరం మేరకే ఇస్తున్నాను. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడుతున్నవారు, గర్భిణులు ఇక్కడి సూచనలను తమ వైద్యుడితో మాట్లాడిన తరవాతే పాటించాలి.

ప్రశ్న: చలికాలంలో కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున పది కిలోమీటర్లు సునాయాసంగా పరుగెత్తేవాణ్ణి. ఎండలు మొదలయ్యాక అదే వేగానికి గుండె నిమిషానికి పన్నెండు, పదిహేను సార్లు ఎక్కువగా కొట్టుకుంటోంది. ఆరో కిలోమీటరు దాటేసరికి కాళ్లు బరువెక్కుతున్నాయి. ఇన్ని నెలల సాధన వృథా అయినట్టేనా?

సమాధానం: మీ సాధన ఎక్కడికీ పోలేదు. పరుగులో కండరాలు ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ, కదలికకు ఉపయోగపడుతుంది. మిగిలినదంతా వేడిగా మారి ఒంట్లోనే చేరుతుంది. ఆ వేడిని లోపలి నుంచి చర్మం దాకా మోసుకొచ్చేది రక్తం. చల్లని రోజుల్లో గుండె పంపే రక్తంలో అధిక భాగం పనిచేసే కండరాలకే వెళ్తుంది గాని, ఎండలో అందులో కొంత చర్మానికి మళ్లించక తప్పదు. దీనికి తోడు చెమటగా నీరు పోతున్నకొద్దీ రక్తం పరిమాణం తగ్గి, ఒక్కో స్పందనలో గుండె పంపగలిగే మొత్తం కూడా తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకుంటుంది. మీ వాచీ చూపిస్తున్న అదనపు స్పందనలు అవే.

ఇది తాత్కాలికం. వేడిలో రోజూ గంటపాటు తేలికగా పరుగెత్తుతూ ఉంటే శరీరం పది నుంచి పద్నాలుగు రోజుల్లో చాలావరకు అలవాటు పడుతుంది. తొలి మూడు నుంచి ఐదు రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, పెరగడంతో గుండె వేగం కొంత దిగివస్తుంది. ఆ తరవాత చెమట తొందరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది. చెమటలో ఉప్పు శాతం తగ్గుతుంది. మునుపటికన్నా ఎక్కువ చెమట పడుతోందని కంగారుపడుతూ రాసిన మరో పాఠకురాలికి కూడా ఇదే జవాబు: అది జబ్బు లక్షణం కాదు, శరీరం ఎండకు అలవాటు పడుతోందనడానికి గుర్తు. వేడికి దూరమైతే ఈ అలవాటు మూడు నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది కనుక ప్రతి వేసవిలోనూ మళ్లీ మొదటినుంచి తెచ్చుకోవలసిందే.

ఈ రెండు వారాలూ వేగాన్ని పక్కనపెట్టి శ్రమను గమనించండి. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగినంత శ్రమే తేలికపాటి పరుగుకు హద్దు. ఆ శ్రమకు కిలోమీటరుకు ఏడు నిమిషాలు పడితే ఆ రోజుకు మీ వేగం ఏడు నిమిషాలే. దూరానికి బదులు సమయాన్ని లెక్కపెట్టుకోవడం ఇంకా మేలు. పది కిలోమీటర్లు అనుకోకుండా అరవై ఐదు నిమిషాలు అనుకోండి, మొదటి వారంలో దాన్ని నలభై ఐదుకు తగ్గించండి. వేగంగా పరుగెత్తే సాధనను పూర్తిగా మానేయనక్కర లేదు. వారానికి ఒకటి, అది కూడా ఆ వారంలో కాస్త చల్లగా ఉన్న పూట చూసుకుని చేస్తే చాలు. పాత వేగాన్ని వదలకూడదని పట్టుబట్టేవారికి తేలికగా సాగవలసిన పరుగులన్నీ కఠినంగా మారిపోయి, కోలుకోవడానికి ఒక్క రోజు కూడా మిగలదు. వేసవిలో వచ్చే గాయాలకు, నీరసానికి ఎండకన్నా ఈ పట్టుదలే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ప్రశ్న: ఫోన్‌లో చూస్తే ఉదయం ఐదింటికి 24 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం. సాయంత్రం ఆరింటికి 36 డిగ్రీలు, తేమ 43 శాతం. తేమ తక్కువగా ఉన్నప్పుడే చెమట ఆరుతుంది కదా, అలాంటప్పుడు సాయంత్రమే మంచిదా?

సమాధానం: ఉదయమే మంచిది. ఆ శాతాలు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తున్నాయి. ఒక ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టి ఉంచగలిగే ఆవిరిలో ఇప్పుడు ఎన్నో వంతు ఉందో చెప్పేదే ఆ శాతం. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి ఆవిరి ఏమీ తగ్గకపోయినా ఎండ ఎక్కేకొద్దీ శాతం పడిపోతుంది. మీరు రాసిన రెండు పూటల అంకెలనూ లెక్కగడితే డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీటిబిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, రెండింటికీ 21 డిగ్రీల దగ్గరే వస్తుంది. అంటే గాలిలో ఉన్న నీటి ఆవిరి దాదాపు సమానం; చెమట ఆరడానికి రెండు పూటలా ఒకే రకమైన అవకాశం ఉంది. తేడా అంతా ఉష్ణోగ్రతలో ఉంది. పరుగెత్తేటప్పుడు చర్మం ఉష్ణోగ్రత 33 నుంచి 35 డిగ్రీల వరకు ఉంటుంది. 24 డిగ్రీల గాలి ఒంటికి తగిలినప్పుడు వేడిని తీసుకుపోతుంది, 36 డిగ్రీల గాలి వేడిని ఎదురు తెచ్చి ఇస్తుంది. పైగా పగలంతా ఎండలో కాగిన రోడ్డు, గోడలు సాయంత్రం చాలాసేపటి వరకు వేడిని వదులుతూనే ఉంటాయి.

కాబట్టి తేమ శాతాన్ని వదిలేసి డ్యూ పాయింట్ చూడటం అలవాటు చేసుకోండి. అది 20 దాటితే చెమట సరిగా ఆరదు, 24 దాటిన రోజు ఏ పూట పరుగెత్తినా ఉక్కపోత తప్పదు. ఎండ లేనంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదు. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మహిళల మారథాన్‌ను ఎండను తప్పించడానికి రాత్రి 11 గంటల 59 నిమిషాలకు మొదలుపెట్టారు. అయినా ఆ వేడికి, ఉక్కకు బయలుదేరిన 68 మందిలో 28 మంది గమ్యం చేరలేకపోయారు. వారంతా ప్రపంచ స్థాయి క్రీడాకారిణులు. పోటీల నిర్వాహకులు వాడే డబ్ల్యూబీజీటీ అనే వేడి సూచికలో తడి బల్బు ఉష్ణోగ్రతకు (తడిబట్ట చుట్టిన థర్మామీటర్ చూపేది, గాలిలో తేమను బట్టి మారేది) 70 శాతం, ఎండ తాపానికి 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. 1950ల్లో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలను తగ్గించడానికి తయారుచేసిన సూచిక అది.

ప్రశ్న: ఎండలో నీళ్లు ఎంత తాగితే అంత మంచిదని విని, రెండున్నర గంటల పరుగులో మూడు లీటర్లకు పైగా తాగుతున్నాను. అయినా చివర్లో తల దిమ్ముగా ఉండి వికారం పెడుతోంది, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటోంది. ఇంకా ఎక్కువ తాగాలా?

సమాధానం: వద్దు. మీ ఉత్తరం చదివితే నీరు తక్కువైందని అనిపించడం లేదు, ఎక్కువైందేమోనన్న అనుమానం కలుగుతోంది. చెమటగా పోయినదానికన్నా ఎక్కువ నీరు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. అది బాగా పడిపోతే మెదడు వాచి, మూర్ఛ వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పాల్గొన్నవారిలో 488 మందికి చేసిన రక్తపరీక్షల్లో 13 శాతం మందికి సోడియం ఉండవలసినదానికన్నా తక్కువగా ఉన్నట్టు తేలింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారికీ, ఎక్కువసేపు పరుగెత్తినవారికీ ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. నెమ్మదిగా పరుగెత్తేవారికి తాగే వ్యవధి ఎక్కువ, పట్టే చెమట తక్కువ. అందువల్ల ఈ ప్రమాదం విజేతలకన్నా మనబోటివాళ్లకే దగ్గర.

మీ ఒంటికి ఎంత కావాలో ఒకసారి కొలిచి చూసుకోండి. పరుగుకు ముందు, తరవాత చెమట తుడుచుకుని, బట్టలు లేకుండా బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు చెమట పోయినట్టు. ఉదాహరణకు 68 కిలోల బరువు గంట పరుగు తరవాత 67.2 అయి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, ఆ గంటలో పోయిన చెమట 1.3 లీటర్లు. ఇది మనిషిని బట్టి గంటకు అర లీటరు నుంచి రెండు లీటర్ల దాకా ఉంటుంది కనుక ఇంకొకరి లెక్క మీకు పనికిరాదు. పోయినదంతా అప్పటికప్పుడే తాగి భర్తీ చేయనక్కర లేదు. దాహాన్ని బట్టి తాగుతూ బరువులో రెండు శాతం లోపు తగ్గుదలతో ముగిస్తే చాలు. బయలుదేరినప్పటికన్నా బరువెక్కి తిరిగి రావడం మాత్రం ఎప్పుడూ జరగకూడదు.

గంట లోపు పరుగుకు మంచినీళ్లు సరిపోతాయి. అంతకు మించి సాగి, బట్టల మీద తెల్లటి ఉప్పు చారలు మిగిలేంత చెమట పట్టేవారు కొంత ఉప్పు కూడా తీసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్‌ల సోడియం ఉంటుంది. స్పోర్ట్స్ డ్రింకుల్లో చాలావాటిలో అందులో మూడో వంతు కూడా ఉండదు. అందువల్ల అతిగా తాగితే ఆ డ్రింకులు కూడా నీళ్ల మాదిరే సోడియాన్ని పలచబరుస్తాయి. మీకు వికారంతో పాటు తలనొప్పి, అయోమయం కూడా కలిగితే తాగడం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా బృందంలో ఒకాయన ఎనిమిదో కిలోమీటరు దగ్గర తూలుతూ, సంబంధం లేని మాటలు మాట్లాడాడు. ఒళ్లంతా చెమట కారుతూనే ఉంది కాబట్టి వడదెబ్బ కాదనుకుని నీడన కూర్చోబెట్టి నీళ్లు తాగించాం. తరవాత ఆసుపత్రిలో అది వడదెబ్బేనన్నారు. ఏం చేసి ఉండాల్సింది?

సమాధానం: ఎండలో ఊరికే ఉండిపోయిన వృద్ధులకు వచ్చే వడదెబ్బలో చర్మం పొడిగా ఉండవచ్చు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో మాత్రం చెమట కారుతూనే ఉంటుంది. చూడవలసింది చెమటను కాదు, మనిషి తెలివిని. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడటం, తూలడం, చిరాకుపడి గొడవ చేయడం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే అది వడదెబ్బ అనే భావించాలి. నుదుటి మీద పెట్టి చూసే థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి ఆగిపోకూడదు.

అంబులెన్సుకు ఫోన్ చేయిస్తూనే ఒంటిని చల్లార్చడం మొదలుపెట్టాలి. మెడ దాకా చల్లటి నీళ్లలో ముంచడం అన్నిటికన్నా మంచి పద్ధతి. తల నీళ్లలో మునగకుండా ఒకరు పట్టుకోవాలి. తొట్టి లేకపోతే అదనపు బట్టలు తీసి, దొరికిన నీళ్లన్నీ ఒంటి మీద ఎడతెగకుండా పోస్తూ గాలి విసరాలి, మంచునీళ్లలో తడిపిన బట్టలు ఒళ్లంతా కప్పి మారుస్తూ ఉండాలి. అరగంటలోపు ఉష్ణోగ్రత దిగితే బతికి బయటపడే అవకాశం చాలా ఎక్కువ, అందుకే ముందు చల్లార్చడం, తరవాతే తరలించడం అని వైద్యులు చెబుతారు. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. గొంతులో అడ్డుపడవచ్చు, సోడియం తగ్గడం వల్ల వచ్చిన అయోమయమైతే హాని రెట్టింపు అవుతుంది. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు. తెలివి స్పష్టంగా ఉండి కేవలం నీరసం, కళ్లు తిరగడం ఉంటే నీడన పడుకోబెట్టి, కాళ్లు ఎత్తులో పెట్టి, కొద్దికొద్దిగా నీళ్లు ఇస్తే సాధారణంగా తేరుకుంటారు.

జ్వరం, విరేచనాలు తగ్గి రెండు రోజులైనా కాకముందే ఎండలో పరుగుకు దిగకండి. అలర్జీకి వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు కూడా వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి.

ప్రశ్న: వేసవి కోసం కంప్రెషన్ స్లీవ్‌లు (ఒంటికి బిగుతుగా పట్టి ఉండే తొడుగులు), కూలింగ్ టవల్, నీళ్ల సంచీ ఉన్న వెస్ట్, పొడుగు చేతుల చొక్కా, ఖరీదైన టోపీ అని జాబితా రాసుకున్నాను. అన్నీ ఒకేసారి కొనలేను. ముందు ఏది?

సమాధానం: అలారం ఒక గంట ముందే మోగేలా పెట్టుకోండి, ఈ జాబితాలో ఏదీ దానంత మేలు చేయదు. ఆ తరవాత కొనదగినది పలచటి, లేతరంగు, వదులైన పాలిస్టర్ బనియన్. నూలు బట్ట చెమటను పీల్చి బరువెక్కి ఒంటికి అతుక్కుపోతుంది, గాలి ఆడదు, ఒరుసుకుని పుండ్లు పడతాయి. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, చెమట ఒంటి మీద ఆరినప్పుడే చల్లదనం వస్తుంది, కారి నేల మీద పడిన చెమట వల్ల ఆ ప్రయోజనం లేదు. అందుకని గాలికి అడ్డుపడే ఏ వస్తువైనా, వీపును కప్పేసే వెస్టుతో సహా, కొంత నష్టమే. గంటలోపు పరుగుకు చేతిలో చిన్న సీసా చాలు, దారిలో నీళ్లు దొరికితే అదీ అక్కరలేదు.

పొద్దెక్కాక పరుగెత్తక తప్పనివారికి పలచటి పొడుగు చేతుల చొక్కా, టోపీ ఉపయోగపడతాయి. ఎండ లేనప్పుడు టోపీ తీసేయడం మంచిది. కూలింగ్ టవల్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మెడను చల్లబరిస్తే హాయిగా ఉంటుంది గాని లోపలి ఉష్ణోగ్రత దానివల్ల పెద్దగా తగ్గదు; హాయిగా ఉంది కదా అని వేగం పెంచితే అసలు హెచ్చరిక మనకు వినిపించకుండా పోతుంది. కంప్రెషన్ స్లీవ్‌లను జాబితాలోంచి కొట్టేయండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, తొడలకూ చంకలకూ రాసుకోవడానికి వ్యాజిలిన్ చేర్చండి.

ప్రశ్న: వేసవిలో షూ బిగుతై గోళ్లు నల్లబడుతున్నాయి. సైజు మార్చాలా?

సమాధానం: వేడికి, పరుగుకు పాదాలు ఉబ్బుతాయి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే అర సైజు పెంచండి. కొత్త షూను సాయంత్రం పూట, పరుగెత్తేటప్పుడు వేసుకునే సాక్సుతోనే వేసి చూడాలి. సాక్సు కూడా నూలుది వద్దు.

ప్రశ్న: ఉద్యోగరీత్యా నెలలో పది రోజులు వేరే ఊళ్లలో ఉంటాను. తిరిగి వచ్చాక పోయిన పరుగులన్నీ ఒకే వారంలో పూర్తిచేయాలని చూసి మోకాలు నొప్పి తెచ్చుకుంటున్నాను. ప్రయాణాల్లో సాధన నిలబెట్టుకోవడం ఎలా?

సమాధానం: నిలబెట్టుకోవడానికి కావలసింది మీరు అనుకుంటున్నదానికన్నా చాలా తక్కువ. 1980ల్లో జరిగిన ప్రయోగాల్లో, శ్రమ తీవ్రతను అలాగే ఉంచి సాధన రోజులనో నిడివినో మూడింట రెండు వంతులు తగ్గించినా ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పదిహేను వారాల పాటు నిలిచింది. తీవ్రతను తగ్గించినప్పుడు మాత్రం అది పడిపోయింది. ఎక్కువసేపు సాగే ఓర్పుకు నిడివి కూడా అవసరమే గాని, పది రోజులకు అది పెద్ద విషయం కాదు. అందువల్ల ఆ పది రోజుల్లో మూడు సార్లు, అరగంట చొప్పున పరుగెత్తండి. వాటిలో రెండు పరుగుల్లో, మధ్యమధ్యలో ఒక్కో నిమిషం చొప్పున ఆరు సార్లు వేగంగా పరుగెత్తితే చాలు. పోయిన పరుగులను పోయినట్టే వదిలేయండి. తిరిగి వచ్చిన వారంలో మామూలు దూరంలో నాలుగింట మూడు వంతులతో మొదలుపెట్టండి.

తెలియని ఊళ్లో దారి వెతుక్కునే శ్రమ లేకుండా, వెలుతురులో, తిన్నగా పదిహేను నిమిషాలు వెళ్లి అదే దారిన వెనక్కి రావడం మేలు. బస చేసిన చోటు చిరునామా కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. బయట కుదరకపోతే మెట్లు ఉన్నాయి, ట్రెడ్‌మిల్ ఉంది. ట్రెడ్‌మిల్ మీద ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ లేకపోతే చల్లటి గదిలోనూ ఒళ్లు వేడెక్కి గుండె వేగం పెరుగుతుంది. దాన్ని చూసి బెదిరిపోకండి. సామాను విషయానికొస్తే, షూ ఒక్కటి చేతి సంచీలో ఉండాలి. మిగతావి పోయినా కొనుక్కోవచ్చు గాని, అలవాటుపడిన షూ వెంటనే దొరకదు. తొందరగా ఆరే బట్టలు రెండు జతలు చాలు.

ప్రశ్న: చల్లటి ప్రాంతంలో ఉంటాను. ఆరు వారాల్లో తూర్పు దిక్కుగా, నాలుగు గంటల సమయం తేడా ఉన్న వేడి ప్రాంతంలో హాఫ్ మారథాన్ ఉంది. నాలుగు రోజుల ముందు మాత్రమే చేరుకోగలను. ఎలా సిద్ధం కావాలి?

సమాధానం: ఒక్కో గంట తేడాకు దాదాపు ఒక రోజు చొప్పున శరీరం సర్దుకుంటుంది, పడమరకన్నా తూర్పుకు వెళ్లినప్పుడు ఇంకాస్త కష్టం. నాలుగు గంటలకు నాలుగు రోజులు సరిపోతాయి. బయలుదేరే ముందు మూడు రోజులు అరగంట చొప్పున ముందుగా పడుకుని ముందుగా లేవండి, అక్కడికి చేరాక పగటి వెలుతురులో తిరగండి.

వేడికి అలవాటు పడటానికి మాత్రం నాలుగు రోజులు చాలవు, అది ఇంటి దగ్గరే మొదలవ్వాలి. చివరి రెండు వారాల్లో, తేలికపాటి పరుగు ముగియగానే 40 డిగ్రీల వేడినీళ్ల తొట్టిలో మెడ దాకా మునిగి కూర్చోవడం ఒక మార్గం. వరసగా ఆరు రోజులు, రోజుకు నలభై నిమిషాలకు మించకుండా ఇలా చేసినవారు వేడిలో మెరుగ్గా పరుగెత్తినట్టు పరిశోధనల్లో కనిపించింది. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి పెంచండి, ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడే చేయండి, లేచేటప్పుడు కళ్లు తిరగవచ్చు కనుక నెమ్మదిగా లేవండి. ముందు చెప్పిన జబ్బులున్నవారు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. ముందే మొదలుపెట్టి ఆపేస్తే ఫలితం చాలావరకు పోతుంది కాబట్టి పోటీకి దగ్గరగానే చేయాలి.

విమానం దిగిన రోజు ఇరవై నిమిషాలు తేలికగా పరుగెత్తితే చాలు. పోటీ రోజున ఇంటి దగ్గరి చల్లటి వాతావరణంలో సాధించిన సమయాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. మొదటి ఐదు కిలోమీటర్లు మరీ నెమ్మదిగా ఉన్నట్టు అనిపించాలి. వీలైతే తిరుగు ప్రయాణాన్ని మర్నాటికి పెట్టుకోండి. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు అలిసి ఉన్నప్పుడు గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అదే రోజు బయలుదేరక తప్పకపోతే నడవా పక్క సీటు అడిగి తీసుకుని, గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే కండరం పట్టిందనుకుని ఊరుకోకుండా ఆ రోజే వైద్యుడికి చూపించండి.